ఆ గట్టు మీద థైమ్ నాటే ముందు

చిరంజీవి అమ్మాయికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. డెన్వర్‌లో మీ ఇంటి ముందున్న గడ్డినంతా తీసేయించి, ఆ చోటంతా నేల మీద పాకే థైమ్ అనే సువాసన మొక్క వేయాలనుకుంటున్నామని నువ్వూ అల్లుడుగారూ చెప్పినప్పటి నుంచి నా ఆలోచన దాని చుట్టూనే తిరుగుతున్నది. ఉద్యానశాఖలో పనిచేసి విరమించినవాణ్ణి కనుక ఫోన్లో రెండు మాటలతో సరిపెట్టలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. మొక్క ఎంపిక బాగుంది, కానీ ముందు జాగా అంతటికీ అది తగదు. దక్షిణం వైపు రోడ్డుకు వాలుగా దిగే గట్టు వరకే దాన్ని వేయండి, పిల్లలు బంతి ఆడుకునే చోటును గడ్డికే వదిలేయండి.

ఈ మొక్కకు మీ ఊరు సరిగ్గా సరిపోతుందనడంలో నాకు సందేహం లేదు. ఇది యూరప్‌లోని రాతినేలల్లో, ఎండకు కాగే పొడి గట్ల మీద పెరిగే జాతి. మీరు సముద్రమట్టానికి 5,280 అడుగుల ఎత్తున ఉన్నారు. ఎండ సూటిగా పడుతుంది, ఏడాదికి కురిసేది సుమారు 14 అంగుళాల వాన, పైగా అక్కడి నేలలు కొద్దిగా క్షారగుణం ఉన్నవి. ఇవన్నీ దీనికి అనుకూలమే. మన తెనాలి నల్లరేగడిలో నాటితే శ్రావణమాసం ముసురుకు వేళ్లతో సహా కుళ్లిపోతుంది. తులసి, పుదీనాల కుటుంబంలోదే అయినా దీని ఆకు నలిపితే మీ అమ్మకు వాము గుర్తుకొస్తుంది, ఎందుకంటే వాములో ఉండే థైమాల్ అనే ఘాటైన వాసన పదార్థం ఇందులోనూ ఉంటుంది.

చలిని తట్టుకునే ఈ మొక్క నీరు నిలిస్తే మాత్రం తట్టుకోలేదు. మీది బంకమట్టి. ఆ మట్టి గుల్లబారాలని దానిలో కొద్దిపాటి ఇసుక కలిపితే ఎండేసరికి సిమెంటులా బిగుసుకుంటుంది, అందుకే ఆ సలహా ఎవరిచ్చినా వినవద్దు. గట్టు వాలుగా ఉంది కాబట్టి నీరు దానంతట అదే దిగిపోతుంది. అడుగున నీరు ఆగే చోటు ఎక్కడైనా ఉంటే అక్కడ చిన్న గులకరాళ్లు కలిసిన మట్టిని ఎత్తుగా పోయించండి. కంపోస్టు విషయంలో చేయి బిగపట్టుకోవాలి. బలమైన నేలలో థైమ్ ఏపుగా, పొడుగ్గా పెరిగి మధ్యలో విచ్చుకుపోతుంది, ఆ ఖాళీలోకి కలుపు వస్తుంది.

నాటడం కంటే పాత గడ్డిని చంపడమే పెద్ద పని. మీ దగ్గరున్న కెంటకీ బ్లూగ్రాస్ నేల లోపల కాడలు పాకించుకుంటూ పెరిగే గడ్డి. పైపైన చెక్కేస్తే ఆ కాడలనుంచే మళ్లీ మొలుస్తుంది. థైమ్ చాప అల్లుకున్న తర్వాత దాని మధ్యనుంచి వచ్చే గడ్డిపోచను పీకడమంటే ఎంత విసుగో నేను చెప్పనక్కర లేదు. కాబట్టి ఈ సంవత్సరం నాటవద్దు. జూలైలో గడ్డిని పొట్టిగా కోసి, బాగా తడిపి, పల్చని పారదర్శక పాలిథీన్ పరిచి, అంచులను మట్టితో మూసి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఎండకు వదిలేయండి. ఆకురాలే కాలంలో మళ్లీ తలెత్తిన పిలకలను తవ్వి తీసేయండి. బైండ్‌వీడ్ అనే తీగ గట్టు మీద కనిపిస్తే మాత్రం, దాని వేళ్లు అడుగుల లోతుకు దిగుతాయి గనుక, అది పూర్తిగా తగ్గేదాకా ఇంకో ఏడాది ఆగినా నష్టం లేదు.

నాటడానికి మే నెల మధ్య, మంచు గడ్డకట్టే రాత్రులు పోయాక, మంచి అదను. విత్తనాల జోలికి వెళ్లవద్దు. అవి ఆవగింజకన్నా చాలా చిన్నవి, మొలిచినా మెల్లగా ఎదుగుతాయి. పైగా ఇంటర్నెట్‌లో నీలం రంగు, ఇంద్రధనుస్సు రంగుల థైమ్ పూల బొమ్మలతో అమ్మేవన్నీ మోసం, ఎందుకంటే ఈ మొక్క గులాబి, ఊదా, ఎరుపు, తెలుపు పూలే పూస్తుంది. నర్సరీలో ట్రేలలో దొరికే చిన్న నారుమొక్కలు కొనండి. 100 చదరపు అడుగుల చోటుకు, అడుగు ఎడంతో నాటితే 100 మొక్కలు సరిపోతాయి. ఎనిమిది అంగుళాల ఎడంతో అయితే 225 కావాలి. దగ్గరగా నాటితే ఖర్చు పెరిగినా కలుపు తీసే బాధ తగ్గుతుంది, నేనైతే దానివైపే మొగ్గుతాను. రకాల్లో పింక్ చింట్జ్, ఎర్రపూల కాక్సినియస్ రెండూ నమ్మదగినవి. ఊలీ థైమ్ ఆకు నూగుతో ముద్దుగా ఉంటుంది కానీ పూలు తక్కువ, తేమను కూడా మిగతావాటికన్నా తక్కువ సహిస్తుంది.

మొదటి వేసవిలో "కరువును తట్టుకునే మొక్క" అన్న మాట నమ్మి తడి ఇవ్వడం మానవద్దు; వేరు దిగేవరకు పైమట్టి ఆరినప్పుడల్లా నీరు పెట్టాలి, రెండో ఏటినుంచి క్రమంగా తగ్గించాలి. మీ చలికాలంలో గాలి పొడిగా ఉండి వారాల తరబడి మంచు పడదు గనుక, అలాంటప్పుడు ఉష్ణోగ్రత 40 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన పగటిపూట నెలకొకటి రెండు తడులు ఇవ్వండి.

ఇక పిల్లల సంగతి. ఈ చాప రెండు మూడు అంగుళాల ఎత్తే ఉంటుంది, అప్పుడప్పుడు అడుగు వేస్తే ఓర్చుకుంటుంది, రోజూ పరుగులు పెడితే చస్తుంది. జూన్, జూలైల్లో పూత మీదున్నప్పుడు తేనెటీగలు కమ్ముతాయి, వట్టికాళ్లతో తిరిగే మనవడిని అక్కడికి పోనివ్వకూడదు. ఇంగ్లండులో కెంట్ ప్రాంతంలోని సిసింగ్‌హర్స్ట్ తోటలో రచయిత్రి వీటా శాక్విల్-వెస్ట్ వేయించిన థైమ్ పచ్చిక ఎంతో పేరు పొందింది. అది కూడా ఆ పెద్ద తోటలో ఒక మూల చిన్న జాగాకే పరిమితం. పూత అయ్యాక కత్తెరతో పైపైన కత్తిరిస్తుండండి. కొన్నేళ్లకు మధ్యభాగం కట్టెబారి బోసిపోతే, పక్కల వేరు వేసిన తునకలను తీసి అక్కడ నాటితే సరిపోతుంది.

పని మొదలుపెట్టేముందు మీ కాలనీ సంఘానికి ప్లాను పంపి అనుమతి తీసుకోమని అల్లుడుగారితో చెప్పు. ఆ గట్టు మీద ఉదయం ఏ వేళనుంచి సాయంత్రం ఏ వేళదాకా ఎండ పడుతుందో ఒకరోజు గమనించి నాకు రాయి. ఆరు గంటలకన్నా తక్కువైతే మొక్కనే మార్చాలి.

మీ నాన్న