ఏబీఎస్ పీకేసి టీ జాయింట్లు వేయడం రిపేరు కాదు

సంపాదకుడు గారికి,

కోతలు మొదలైతే మన జిల్లాల్లో వడ్లు, మక్కలు రోడ్డెక్కుతాయి. ములుగు రోడ్డు, నర్సంపేట రోడ్డు, పరకాల రోడ్డు ఏది చూసినా ఎడమ అంచు పొడుగునా కల్లమే. ఎదురుగా లారీ వస్తే కారు ఎడమ చక్రాలు రెండూ వడ్ల మీదికి దిగుతాయి, కుడివి తారు మీదే ఉంటాయి. ఆ క్షణంలో బ్రేకు గట్టిగా తొక్కితే ఎడమ పక్క పట్టు దొరకదు, కుడి పక్క దొరుకుతుంది. కారు ముక్కు కుడికి, అంటే సరిగ్గా లారీ వైపే తిరుగుతుంది. బిగుసుకుపోతున్న చక్రానికి వెళ్లే ఒత్తిడిని సెకనుకు పలుమార్లు వదిలి, పట్టి, స్టీరింగ్‌ను చేతిలో ఉంచేది ఏబీఎస్ (యాంటీ-లాక్ బ్రేకింగ్ సిస్టమ్) యూనిట్. డ్యాష్‌బోర్డు మీద ఏబీఎస్ హెచ్చరిక లైటు వెలిగిందని వస్తే ఆ యూనిట్‌నే పీకేసి, పైపులు కలిపేసి, "బైపాస్ చేసినం, ఇగ లైటు రాదు" అని బండి అప్పజెప్పే గ్యారేజీలు మన దగ్గర ఉన్నాయి. బ్రేకు పని తెలిసినవాళ్లుగా దీని లోతు ఎంతో చెప్పాలని ఈ లేఖ.

పెడల్ తొక్కితే బ్రేకు ఒత్తిడి పుట్టించే మాస్టర్ సిలిండర్ నుంచి రెండు పైపులు యూనిట్‌లోకి వస్తాయి, అక్కడి నుంచి నాలుగు పైపులు నాలుగు చక్రాలకు పోతాయి. బైపాస్ చేసేవాళ్లు ఒక పైపును రెండుగా చీల్చే టీ (T) జాయింట్లు రెండు తెచ్చి, ఒక్కోదానికి ఒక ముందు చక్రం, దానికి ఐమూలగా ఉన్న వెనక చక్రం కలుపుతారు. గంటా రెండు గంటల పని. పెడల్ గట్టిగానే తగులుతుంది, బండి ఆగుతుంది, కస్టమరు సంతోషంగా వెళ్తాడు. ఏబీఎస్ లేకపోతే ఏమైంది, పాత కార్లకు ఉందా అని అడుగుతాడు కూడా.

పాత కార్లకు ఏబీఎస్ లేదు కానీ ఇంకొకటి ఉండేది. బ్రేకు వేయగానే బరువంతా ముందుకు వాలుతుంది. డ్రైవర్ ఒక్కడే ఉన్న చిన్న కారులో గట్టిగా బ్రేకు పడితే నాలుగింట మూడొంతుల బరువు ముందు చక్రాల మీదే ఉంటుంది, వెనక భాగం తేలిపోతుంది. అందుకే వెనక చక్రాలకు వెళ్లే ఒత్తిడిని ఒక హద్దు దాటాక తగ్గించడానికి ప్రపోర్షనింగ్ వాల్వు పెట్టేవారు. కొన్నింట అది మాస్టర్ సిలిండర్‌కే ఉండేది, కొన్నింట వెనక యాక్సిల్ దగ్గర స్ప్రింగుతో ఉండేది. ఏబీఎస్ వచ్చాక ఆ పనిని ఈబీడీ (ఎలక్ట్రానిక్ బ్రేక్‌ఫోర్స్ డిస్ట్రిబ్యూషన్) పేరుతో యూనిట్‌కే అప్పగించి, చాలా మోడళ్లలో వాల్వు తీసేశారు. కాబట్టి యూనిట్ పీకితే పోయేది ఏబీఎస్ ఒక్కటే కాదు, వెనక బ్రేకుకు ఉన్న కళ్లెం కూడా పోతుంది. ముందు చక్రాలు బిగుసుకుంటే కారు తిరగదు, తిన్నగా జారుతుంది. వెనకవి ముందే బిగుసుకుంటే కారు బొంగరంలా తిరుగుతుంది. పాత కారు కంటే బైపాస్ చేసిన కారు ప్రమాదం అనడానికి కారణం ఇదే.

ఇది చాలదన్నట్టు పైపుల పనిలో మరిన్ని తప్పులు. ఐమూల కలపాల్సిన కారులో ముందు రెండూ ఒక టీకి, వెనక రెండూ ఇంకో టీకి కలిపితే, ముందు లైను పగిలిన రోజు వెనక డ్రమ్ బ్రేకులే దిక్కు. పొడవు చాలని పైపును గ్యాస్ వెల్డింగ్‌తో అతకడం, ఏసీ పని రాగి పైపు వాడటం, కంప్రెషన్ జాయింటుతో సరిపెట్టడం, ఈ మూడూ బ్రేకు లైనులో నిషిద్ధం. గట్టిగా తొక్కినప్పుడు అందులో ఒత్తిడి వంద బార్ దాటుతుంది. టైరులో గాలి రెండు బార్ చిల్లర అని గుర్తుంటే తేడా అర్థమవుతుంది. రాగి వణుకుడికి గట్టిపడి, ఫ్లేర్ (బిగించడానికి విప్పార్చిన పైపు మూతి) మొదట్లో చీలుతుంది. అన్నిటికన్నా తరచుగా జరిగేది ఫ్లేర్ తేడా. గరాటులా విప్పారే డబుల్ ఫ్లేర్ వేరు, పుట్టగొడుగు తలలా ఉండే బబుల్ ఫ్లేర్ వేరు. ఒకదాని గూట్లో ఇంకోదాన్ని బిగిస్తే ఆ పూటకు కారదు, నెల తిరిగేసరికి చెమ్మ మొదలవుతుంది.

అసలు యూనిట్ దాకా ఎందుకు పోవాలి? ఏబీఎస్ లైటు వెలిగితే స్కానర్ పెట్టి కోడ్ చూడటం మొదటి పని. చాలాసార్లు దోషం చక్రం వేగం చూసే సెన్సర్‌ది, దాని వైరుది, లేదా సెన్సర్ ఎదుట చక్రంతో తిరిగే రింగుకు పట్టిన తుప్పుది. క్వారీ దుమ్ము, బేరింగ్ ఇనుపరజను సెన్సర్ మూతికి అంటుకుంటాయి. తీసి తుడిస్తే సరిపోయే కేసులూ ఉంటాయి. బేరింగ్ మార్చినప్పుడు అయస్కాంత పట్టీ ఉన్న వైపు బయటికి పెట్టి బిగిస్తే సెన్సర్‌కు ఏమీ కనపడదు, లైటు వెలుగుతుంది. బ్యాటరీ వోల్టేజి పడిపోయినా వెలుగుతుంది. 2020 ఆగస్టులో, 2023 జూలైలో హనుమకొండ కాలనీలు మునిగినట్టు మునిగినప్పుడు నీళ్లలో నిలిచిన కార్లకైతే ముందు చూడాల్సింది యూనిట్ కనెక్టరు. పిన్నులకు పచ్చ చిలుము పడుతుంది. గట్టిగా తొక్కినప్పుడు పెడల్ కింద గరగరలాడటం మాత్రం దోషం కాదు, అది ఏబీఎస్ పని చేస్తున్న గుర్తు. కంకర మీద, వడ్ల మీద ఏబీఎస్ ఉన్న కారు కొంచెం దూరం పోయి ఆగుతుందన్న ఫిర్యాదులో నిజం ఉంది. కానీ ఆ దూరంలో స్టీరింగ్ మీ మాట వింటుంది.

యూనిట్ నిజంగానే చచ్చి, పాత మోడల్ కాబట్టి దొరకనప్పుడు ఏం చేయాలి? అదే మోడల్ ఏబీఎస్ లేకుండా కూడా అమ్ముడై ఉంటే, ఆ రకం మాస్టర్ సిలిండర్, వాల్వులు, పైపులు మొత్తం సెట్టుగా తెచ్చి వేయాలి. ఐమూల లైన్ల కారుకు వాల్వులు రెండు కావాలి, వెనక చక్రానికి ఒకటి చొప్పున. రెండు వెనక లైన్లనూ ఒకే వాల్వులోకి కలిపితే సర్క్యూట్లు రెండూ ఒకటైపోతాయి. పైపు 4.75 మిల్లీమీటర్ల స్టీలుది. హాక్సా బ్లేడుతో కోయకూడదు, రజను లోపల పడుతుంది. ట్యూబ్ కట్టర్‌తో కోసి, గీరి, గాలి కొట్టి, నట్టు ఎక్కించాకే ఫ్లేర్ తీయాలి. సీలు విప్పని డాట్ 4 బ్రేకు ఫ్లూయిడ్ ఒక లీటరు దగ్గర ఉంచుకోవాలి, ఇంజిన్ ఆయిల్ చుక్క పడినా రబ్బర్లు ఉబ్బుతాయి. లైన్లలో చిక్కిన గాలి తీశాక పెడల్‌ను నిమిషం పాటు బలంగా తొక్కి పట్టాలి. మెల్లగా కిందికి దిగితే ఎక్కడో కారుతోంది. ప్రతి జాయింటుకు టిష్యూ కాగితం అద్ది చూడాలి. ఆ తర్వాత ఖాళీ మైదానంలో 30 కిలోమీటర్ల వేగంతో, ఆపైన 40తో గట్టిగా ఆపాలి. పక్కన ఒకరు నిలబడి చూడాలి. వెనక చక్రం ముందుగా బిగుసుకుంటే ఆ బండి రోడ్డెక్కకూడదు.

కొత్త మోడళ్లకు 2018 ఏప్రిల్ నుంచి, అప్పటికే అమ్ముతున్నవాటికి 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి. ఆ తర్వాతి కార్లకు ఏబీఎస్ లేని సెట్టు అన్న మాటే లేదు. వాటిలో చాలావరకు స్పీడు మీటరుకు కూడా సమాచారం ఈ సెన్సర్ల నుంచే పోతుంది, పీకితే మీటరూ పడుకుంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పులకు అడ్డు చెబుతుంది. అనుమతి లేని మార్పుకు 182ఏ(4) కింద యజమానికి ఆరు నెలల దాకా జైలు, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా పడవచ్చు. శిక్ష యజమానికి, పైపులు కలిపినవాడికి కాదు. ఇదొక వింత.

సొంత కారు ఫిట్‌నెస్‌కు వెళ్లేది 15 ఏళ్లు నిండాకే. ఈలోగా రెండు మూడు చేతులు మారుతుంది. మోటారు వాహన తనిఖీ అధికారిని జనం ఇప్పటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే పిలుస్తారు. రోలర్ యంత్రం ఒక్కటే చూస్తే ఆయన కూడా మోసపోతారు. రోలర్లు నడక వేగంతో తిరుగుతాయి, ఆ వేగంలో ఏబీఎస్ పనిచేయదు. పైగా కళ్లెం లేని వెనక బ్రేకు అక్కడ బ్రహ్మాండంగా చూపిస్తుంది.

రవాణా శాఖను మేము కోరేది చిన్న పని. పేరు మార్పిడికి వచ్చిన ప్రతి కారుకు ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం తిప్పి చూడాలి. ఏబీఎస్ లైటు వెలిగి, మూడు నాలుగు సెకన్లలో దానంతటదే ఆరాలి. అసలు వెలగకపోతే బల్బు తీశారు. ఆరకుండా ఉండి, తర్వాత స్టార్ట్ చేస్తే ఇంజిన్ అందుకున్న క్షణంలో ఆయిల్ లైటుతో కలిసి ఆరితే, ఆయిల్ లైటు వైరుకే ముడేశారు. బానెట్ ఎత్తి యూనిట్ ఉందా, దానికి పైపులు ఉన్నాయా అని కూడా చూసి ఫారం మీద రాయాలి. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు బయానా ఇచ్చే ముందు ఇదే పరీక్ష తామే చేసుకోవచ్చు. దానికి స్కానర్ అక్కర్లేదు, తాళం చెవి చాలు.

ఇట్లు,
కొందరు బ్రేకు మెకానిక్‌లు,
హనుమకొండ