‘పారాచూట్స్’ను మెట్టుగా చూడకండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఏదైనా రాక్ బృందం కొత్త ఆల్బమ్ విడుదల చేసినప్పుడు, దాని తొలి ఆల్బమ్‌ను ఒకటి రెండు వాక్యాలలో తేల్చివేయడం సంగీత సమీక్షలలో పరిపాటి అయిపోయింది. బ్రిటిష్ బృందం కోల్డ్‌ప్లే విషయంలో ఇది మరీ ఎక్కువ. 2000 జూలైలో వెలువడిన వాళ్ల తొలి ఆల్బమ్ ‘పారాచూట్స్’ ఆ బృందం స్టేడియాలలో కచేరీలు చేసే స్థాయికి చేరుకోవడానికి ఎక్కిన మొదటి మెట్టుగానే ప్రస్తావనకు వస్తుంది. చాలా ఏళ్లు నేనూ అలాగే అనుకున్నాను కాబట్టి ఈ తప్పులో నాకూ వాటా ఉంది.

ఒకప్పుడు నేను ఆ బృందానికి వీరాభిమానిని. 2015లో వచ్చిన ‘ఎ హెడ్ ఫుల్ ఆఫ్ డ్రీమ్స్’ నాటికి ఆ ఉత్సాహం సన్నగిల్లింది. 2021లో, పాప్ సంగీతంలో పేరుమోసిన మ్యాక్స్ మార్టిన్ నిర్మాణంలో ‘మ్యూజిక్ ఆఫ్ ది స్ఫియర్స్’ వచ్చేసరికి పూర్తిగా అడుగంటింది. వేలమంది గొంతు కలపడానికే పుట్టినట్లుండే ‘ఓ... ఓ...’ల నడుమ పాట ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చేది. ఆ విసుగులో పాత ఆల్బమ్‌లను కూడా వినడం మానేశాను. కొత్తవాటి మీది కోపం పాతవాటి మీద చూపడం ఏం న్యాయమో ఇప్పటికీ నాకు తెలియదు.

ఇటీవల ‘పారాచూట్స్’ను మొదటినుంచి చివరివరకు, మధ్యలో ఏ పాటనూ దాటవేయకుండా విన్నాను. నన్ను ఆశ్చర్యపరిచింది అందులో వాళ్లు వాయించకుండా వదిలేసిన జాగా. ‘స్పార్క్స్’లో గిటార్ వెనక్కి తగ్గితే గై బెరీమన్ బేస్ గిటార్ పాటను నెమ్మదిగా నడిపించుకుపోతుంది. ‘ట్రబుల్’లో పియానో పలికే చిన్న వరుస మళ్లీ మళ్లీ వస్తున్నా విసుగు పుట్టదు, ఎందుకంటే దాని చుట్టూ మరేదీ కిక్కిరిసి ఉండదు. ఆల్బమ్‌కు పేరిచ్చిన పాట నిమిషం కూడా నిండదు. ఒక గిటార్, క్రిస్ మార్టిన్ గొంతు, అంతే. చెప్పవలసింది అయిపోగానే ఆపేయగల ధైర్యం ఆ రోజుల్లో ఆ నలుగురికీ ఉండేది.

లోపాలు లేవని అనను. ‘షివర్’ పాట మీద అమెరికన్ గాయకుడు జెఫ్ బక్లీ ప్రభావం దాచినా దాగదు. కొన్ని పాటల సాహిత్యం మరీ పలుచన. అదే ఏడాది అక్టోబరులో మరో రాక్ బృందం రేడియోహెడ్ ‘కిడ్ ఎ’ ఆల్బమ్‌తో తన పాత గిటార్ బాణీనే పక్కన పెట్టి కొత్త దారి తొక్కింది. దాని పక్కన పెట్టి చూస్తే ‘పారాచూట్స్’ చాలా జాగ్రత్తగా అడుగులు వేసిన ఆల్బమ్ అనే చెప్పాలి.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఈ బృందం తన స్వభావాన్ని వదులుకుందని ఇన్నాళ్లూ వాదించిన నాకు, ‘పారాచూట్స్’లోని ‘ఎల్లో’ పాటలో ఒక్కసారిగా విచ్చుకునే జానీ బక్లండ్ గిటార్ ఇప్పుడు వేరుగా వినిపించింది. పెద్ద మైదానాన్ని నింపాలన్న కోరిక అందులో అప్పటికే ఉంది. కాకపోతే దాని తర్వాత వచ్చే ‘ట్రబుల్’ ఆ జోరును వెంటనే తగ్గిస్తుంది. తర్వాతి ఆల్బమ్‌లలో నేను పోగొట్టుకున్నది ఆ తగ్గడాన్నే.

అయితే ఆ సంగతి ‘ఎల్లో’ ఒక్కటే విన్నవారికి తెలిసే వీలు లేదు. అందుకే నాదొక చిన్న విన్నపం. మీ సమీక్షకులు ఈ బృందం గురించి ఈసారి రాసేటప్పుడు, దాని తొలి ఆల్బమ్‌లోని పది పాటలనూ వరుసగా విని రాయవలసిందిగా కోరుతున్నాను. చివరి పాట ముగిసిందనుకుని ఆపేయవద్దని కూడా చెప్పండి. కొద్దిపాటి నిశ్శబ్దం తర్వాత, అట్ట మీది జాబితాలో లేని చిన్న పాట ఒకటి మొదలవుతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు