నా పేరు మీద ఎవరో తీసుకున్న లోన్ మొత్తానికి తీసేశారు, సాయం చేసినవాళ్ళందరికీ థాంక్స్

క్రెడిట్ రిపోర్ట్‌లోంచి ఆ లోన్ పోయిందండీ. లోన్ ఇచ్చిన కంపెనీ నుంచి ఈ అప్పుకీ నాకూ సంబంధం లేదని రాతపూర్వకంగా లెటర్ కూడా వచ్చింది. తోడున్నవాళ్ళకి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాను గానీ నలుగురిలో చెప్పకపోతే నాకు మనసాగట్లేదు, అందుకే ఈ పోస్ట్, కాస్త పెద్దదే అవుతుంది.

తెలియనివాళ్ళకి క్లుప్తంగా చెప్తా. నా పాన్, ఆధార్ వివరాలతో ఎవరో ఒక లోన్ యాప్‌లో 48 వేలు తీసుకున్నారు. రికవరీ వాళ్ళు మా అమ్మకి ఫోన్ చేసి "మీ అమ్మాయి అప్పు ఎగ్గొట్టి తిరుగుతోంది" అనేదాకా నాకు ఆ సంగతే తెలీదు. తర్వాత మా బావగారికి, ఆఫీసులో వాళ్ళకి కూడా ఫోన్లు. ఇంట్లో సగం మంది పరువు పోతోంది, కట్టేసి వదిలించుకో అన్నారు, వాళ్ళని తప్పు పట్టను, ఆ ఫోన్లలో మాటలు అలా ఉన్నాయి.

అప్పుడు అడ్డుపడింది మా పై ఫ్లోర్ మేడమ్. బ్యాంకులో లోన్ సెక్షన్‌లో చేసి రిటైరయ్యారు. "తీసుకోని అప్పుకి ఒక్క రూపాయి కట్టినా నువ్వే ఒప్పుకున్నావంటారు, ఆగు" అని కూర్చోబెట్టి ముందు క్రెడిట్ రిపోర్టులు తీయించారు. మన అప్పుల రికార్డు పెట్టే బ్యూరోలు నాలుగున్నాయి, సిబిల్ ఒక్కటే కాదు, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్, నాలుగూ. ఏడాదికోసారి పూర్తి రిపోర్ట్ ఫ్రీగా ఇవ్వాలని ఆర్బీఐ రూల్ ఉంది, డబ్బులు కట్టక్కర్లేదు. మనం స్కోర్ చూసి మూసేస్తాం కదా, ఆవిడ స్కోర్ వైపు చూడనే లేదు, ఎంక్వైరీలు ఉండే పేజీకి వెళ్ళారు. అక్కడ నేను పేరు కూడా వినని కంపెనీలు నా రిపోర్ట్ చూసినట్టు ఉంది, అంటే వాడు ఇంకోచోట కూడా లోన్ కోసం ట్రై చేశాడన్నమాట. తర్వాత అడ్రస్‌ల దగ్గర పెన్ను పెట్టి ఈ ఊళ్ళో ఎప్పుడైనా ఉన్నావా అని అడిగారు. నేను ఆ ఊరు చూసింది కూడా లేదు. ఫోన్ నంబర్లలో కూడా ఒకటి నాది కాదు. ఆ రెండింటికీ రౌండ్ చుట్టి, కేసు నిలబడేది వీటి మీదేనమ్మా అన్నారు.

కంపెనీకి లెటర్ కూడా ఆవిడే డిక్టేట్ చేశారు. నేనైతే ఏడుస్తూ నాలుగు పేజీలు రాసేదాన్ని, ఆవిడ అరపేజీలో తేల్చేశారు. ఈ లోన్ నేను తీసుకోలేదు, అప్లికేషన్‌తో వచ్చిన కేవైసీ (గుర్తింపు కాగితాల) కాపీలు, సెల్ఫీ, అగ్రిమెంట్, డబ్బు ఏ అకౌంట్‌లో వేశారో ఆ వివరాలు ఇవ్వండి, తేలేదాకా రికవరీ ఫోన్లు ఆపండి, అంతే. వాళ్ళు పంపిన కాగితాల్లో సెల్ఫీలో ఉన్న మనిషి నేను కాదు, అకౌంట్ నాది కాదు. అది చూశాక ఇంట్లో కట్టేయమన్నవాళ్ళెవరూ మళ్ళీ ఆ మాటెత్తలేదు.

మా ఆఫీసులో కొత్తగా చేరిన తమ్ముడికి కూడా చాలా థాంక్స్. సంచార్ సాథీ అనే గవర్నమెంట్ సైట్‌లో మన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూపిస్తుందని అతనే చెప్పాడు. ఓపెన్ చేస్తే రిపోర్ట్‌లో ఉన్న ఆ తెలీని నంబర్ చివరి అంకెలే అక్కడా కనిపించాయి! నా పేరు మీద సిమ్ తీసి దాంతో లోన్ తీశారు, అందుకే యాప్ ఓటీపీలు ఒక్కటీ నా ఫోన్‌కి రాలేదు. ఇది నా నంబర్ కాదు అని అక్కడే రిపోర్ట్ కొట్టించాడు, ఆధార్ బయోమెట్రిక్ లాక్ (వేలిముద్రలు ఎవరూ వాడకుండా) కూడా అతనే పెట్టించాడు. ఇప్పుడు ఎక్కడైనా ఆధార్ అడిగితే మాస్క్‌డ్ కాపీయే ఇస్తున్నా, అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లయింట్ పెట్టి స్టేషన్‌కి వెళ్తే అక్కడ ఒక హెడ్ కానిస్టేబుల్ గారు నా మాట మొత్తం విన్నారు. ఇది ఇంకొకళ్ళ గుర్తింపు వాడుకోవడం, ఐటీ యాక్ట్ 66సీ కిందకి వస్తుంది, మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉంటుందమ్మా, నువ్వెందుకు భయపడతావు, వాడు భయపడాలి అన్నారు. సార్, ఆ ఒక్క మాటకి ఆ రాత్రి అమ్మా నేనూ నిద్రపోయాం.

స్టేషన్‌లో రాసిన ఎఫ్ఐఆర్ కాపీ పెట్టి ఆ క్రెడిట్ బ్యూరోల్లో డిస్ప్యూట్ (ఈ లోన్ నాది కాదని అభ్యంతరం) వేశాం. 30 రోజుల్లో తేల్చాలి, దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున మనకి కట్టాలని 2024 ఏప్రిల్ నుంచి రూల్ అమల్లో ఉంది. కంపెనీ మొదట్లో పరిశీలనలో ఉంది అంటూ సాగదీసింది. మేడమ్ ఈ రూల్‌తో పాటు తర్వాత ఆర్బీఐ అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్తామని ఇంకో మెయిల్‌లో రాయించాక గానీ కదల్లేదు.

పోలీస్ కేసు ఇంకా నడుస్తోంది, వాడు దొరకలేదు. ఆ సిమ్ మాత్రం ఆపేశారు.

మేడమ్, మీరు స్వీట్లు కూడా తీసుకోలేదు, కనీసం ఈ థాంక్స్ అయినా తీసుకోండి. మీరు రాయించిన లెటర్ పేర్లూ నంబర్లూ తీసేసి ఎవరికైనా ఇవ్వొచ్చన్నారు కాబట్టి చెప్తున్నా, ఎవరికైనా ఇలాంటి ఫోన్లు వస్తుంటే నాకు మెసేజ్ పెట్టండి, లెటర్ పంపిస్తా, రిపోర్ట్ ఎలా చూడాలో కూడా దగ్గరుండి చెప్తా.