కాలువ మొదట్లో ఒక మాట, శివారులో ఒక మాట

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెల ఒక మధ్యాహ్నం ఎనిమిదో తరగతి గదిలోంచి వరండా దాకా అరుపులు వినిపించాయి. కొట్టుకుంటున్నారేమోనని కంగారుగా వెళ్లాను. తీరా చూస్తే సోషల్ పాఠం. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయిందని చెప్పి, "మరి మీ పొలాలకు నీళ్లు బాగా అందుతున్నాయా?" అని టీచరుగారు అడిగారట. ఒక బాబు "మా చేనుకు ఏనాడూ తక్కువ కాలేదు" అన్నాడు. వెనక బెంచీలోంచి ఒక పాప "అబద్ధం!" అని లేచింది.

ఆ బాబు వాళ్ల పొలం కాలువ మొదట్లో, లాకుల దగ్గర. ఆ పాప వాళ్లది కాలువ చివర, శివారులో. దాళ్వాలో, అంటే రబీ పంటకు, వంతులవారీగా నీళ్లు వదిలితే, వాళ్ల బోదె (పిల్లకాలువ) దాకా వచ్చేసరికి వంతు అయిపోతుంది. రాత్రిళ్లు నాన్నతో పాటు టార్చిలైటు పట్టుకుని గట్టు మీద కాపలా కూర్చున్నానని చెబుతూ ఏడ్చేసింది. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరి గట్టు మీద నుంచి వాళ్లకు కనిపించింది వాళ్లు చెప్పారు.

ఆ మర్నాటి నుంచి ఆ తరగతిలో ఒక పద్ధతి పెట్టాం. ఎవరి మాటనైనా కాదనాలంటే, ముందు ఆ మాటను "అవును, నేనన్నది ఇదే" అని వాళ్లే ఒప్పుకునేలా తిరిగి చెప్పాలి. ఆ తర్వాతే తన మాట. మొదటి వారం ఎవరికీ సరిగ్గా రాలేదు. కొందరు సగమే చెప్పారు, కొందరు వెటకారం కలిపారు. ఆ బాబు నాలుగోసారికి చెప్పగలిగాడు: "కాలువలో నీళ్లు లేక కాదు, మీ వంతు రోజున పైవాళ్లు తూము మూయక మీకు అందట్లేదు." పాప అవునంది. ఆ పైవాళ్లలో తన నాన్న కూడా ఉండొచ్చని వాడికి ఆ మాట అంటున్నప్పుడే తట్టిందనుకుంటాను, మెల్లగా కూర్చుండిపోయాడు.

తర్వాత పిల్లలకు ఒక పని ఇచ్చాం. 2011 సార్వాలో, అంటే ఖరీఫ్‌లో, కోనసీమ రైతులు వేల ఎకరాల్లో నాట్లు వేయకుండా పంట విరామం పాటించారు. అప్పటికి వీళ్లు పుట్టలేదు. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకురమ్మన్నాం. సొంత పొలం ఉన్న ఒక తాతగారు "పెట్టుబడి కూడా రాని ధరకు ఇంకెన్నాళ్లు పండించాలి?" అన్నారు. నాట్లకు వెళ్లే ఒక అమ్మమ్మ "వాళ్లు విరామం తీసుకున్నారు, మాకు కూలి పోయింది" అంది. కౌలుకు చేసే ఒకాయన, మురుగు కాలువలు పూడిపోయి చేలు మునగడం గురించే చెప్పారు. ఆ కాగితాలన్నీ నా బల్ల మీదే ఉన్నాయి. వీళ్ల వయసులో నేను మా తాతను ఇలా ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

వినడమంటే అందరిదీ ఒప్పే అనడం కాదని కూడా పిల్లలకు చెబుతున్నాం. రొయ్యల చెరువుల మాట వచ్చిన రోజు ఇది బాగా తెలిసింది. చెరువు పక్కనే ఉన్న తమ చేను ఉప్పుదేలి, వరి ఎదగడం లేదని ఒక పాప చెప్పింది. చెరువు ఉన్న ఇంటి బాబు, తెల్లమచ్చ తెగులొచ్చి ఒక్క పంటలోనే అప్పులపాలైన సంగతి చెప్పాడు. ఉప్పునీరు పక్క చేలోకి ఊరడం నిజం, అది ఆగాలి. ఆ ఇంటి అప్పూ నిజమే. ఎవరూ పట్టు వదల్లేదు, కానీ ఇద్దరూ మధ్యాహ్నం ఒకే చోట కూర్చుని అన్నం తిన్నారు.

నేను వినకుండా మాట్లాడిన సంగతి కూడా చెప్పాలి. వరుసగా మూడు సమావేశాలకు రాని ఒక తండ్రిని "పిల్లాడి చదువు మీకు పట్టదా?" అని ఫోన్‌లో నిలదీశాను. ఆయన గొంతు పెంచలేదు. "మేడం, మీరు పిలిచిన పదిగంటలకు నేను చేలో ఉంటాను. ఆ రోజు కూలి వదులుకుంటే ఇల్లు గడవదు" అన్నారు. ఎందుకు రాలేదని ఆ మూడుసార్లలో నేను ఒక్కసారైనా అడగలేదు. ఆయనకు క్షమాపణ చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను.

మీకు నాదొక విన్నపం. అన్నం దగ్గర పిల్లలు ఏదైనా చెబుతుంటే పూర్తయ్యేదాకా ఆగండి. "నీకేం తెలుసు, ఊరుకో" అనేది మనందరి నోటా వచ్చే మాటే, కానీ ఆ తర్వాత వాళ్లు నిజంగానే ఊరుకుంటారు. పక్కింటివాళ్ల గురించి, వేరే కులం, వేరే పార్టీ వాళ్ల గురించి మనం ఇంట్లో అనేవి మర్నాడు తరగతిలో వినిపిస్తున్నాయని కూడా మీకు తెలియాలి.

ఇకపై సమావేశాలు సాయంత్రం ఆరున్నరకు. చేలోంచి నేరుగా వచ్చినా ఫర్వాలేదు, టీ ఉంటుంది. మొదటి అరగంట నేనూ టీచర్లూ ఏమీ మాట్లాడం, మీరు చెప్పింది రాసుకుంటాం. రాసింది చదివి వినిపిస్తాం. మీరన్నది అది కాకపోతే అక్కడే ఆపి సరిదిద్దండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు