మా పిల్లల ఇంటి భాష గురించి సూపరింటెండెంట్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన స్కూల్ డిస్ట్రిక్ట్ సూపరింటెండెంట్ గారికి,

నమస్కారం. కాలిఫోర్నియాలో మీ పరిధిలోని బడుల్లో మా ఇద్దరు పిల్లలు చదువుతున్నారు. ఈ విషయమై మీకు మూడు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. ఇంగ్లీషు ప్రతి మీకు మళ్లీ పంపి, తోటి తల్లిదండ్రులు చదవాలని తెలుగులోనూ ఇక్కడ పెడుతున్నాను.

మా చిన్నమ్మాయికి మాటలు ఆలస్యమయ్యాయి. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమని బడిలో చెప్పారు. చదువు చెప్పేవారి మాట కదా అని మానేశాం. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావని స్పీచ్ థెరపిస్టు చెప్పేసరికి రెండేళ్లు గడిచిపోయాయి.

ఇప్పుడు తెనాలి నుంచి మా అమ్మ వీడియో కాల్‌లో "ఏం తిన్నావే బంగారం?" అని అడిగితే, పాప నా ముఖం వంక చూస్తుంది. నేను ఇంగ్లీషులో చెప్పాక "రైస్" అంటుంది. అమ్మ కాసేపు అలాగే చూసి, "సరేలే, ఫోను మీ అమ్మకివ్వు" అంటుంది. ఆ ముక్క కూడా నేనే దానికి ఇంగ్లీషులో చెప్పాలి.

పెద్దవాడికి తెలుగు చదవడం, రాయడం వచ్చు. రెండు భాషల్లో ప్రావీణ్యం ఉన్న విద్యార్థుల డిప్లొమాపై గుర్తింపు ముద్ర వేసే చట్టాన్ని 2011లో, దేశంలో అందరికన్నా ముందు చేసింది మన రాష్ట్రమే. అయినా తెలుగుకు పరీక్ష పెట్టే ఏర్పాటు లేదని వాడికి చెప్పారు.

ఇంటి భాష మానేయమని ఏ ఉపాధ్యాయులూ సలహా ఇవ్వకూడదని రాతపూర్వకంగా ఆదేశించండి. ఈ విద్యా సంవత్సరంలోనే తెలుగు పరీక్షకు ఏర్పాటు చేయండి. మీ సమాధానం కోసం వచ్చే బోర్డు సమావేశానికి వస్తాను.

భవదీయురాలు,
ఒక తల్లి