డీజిల్ జనరేటర్‌తోనే నీ పోటీ

ఇందుకూరుపేట

చిరంజీవి సింధుకు,

అమ్మ ఆశీస్సులు. పీహెచ్‌డీ అయ్యాక ఉద్యోగానికి పోనని, ల్యాబ్‌లో చేసిన సోడియం బ్యాటరీని కరెంటు పోయినప్పుడు రొయ్యల గుంటలకు పనికొచ్చేలా అమ్మే కంపెనీ పెడతానని నువ్వు ఫోన్లో చెప్పావు. మీ నాన్న ఏమీ అనలేదంటే ఒప్పుకున్నట్టే. డబ్బు సంగతి మాత్రం నన్ను మాట్లాడమన్నారు. గుంటల లెక్కలు రాసేది నేనే కాబట్టి నాకు తోచింది రాస్తున్నా. తీరిగ్గా చదువు.

నువ్వు పంపిన ఫైల్లో పోలికలన్నీ లిథియంతోనే ఉన్నాయి. సోడియం ఉప్పులోనే దొరుకుతుంది, రాగి రేకు బదులు అల్యూమినియం చాలు, బరువు ఎక్కువైనా కదలకుండా ఒకచోట ఉండే బ్యాటరీ పెట్టెకు నష్టం లేదు. అన్నీ మంచి మాటలే. కానీ మన రైతు గట్టు మీద పెట్టుకున్నది లిథియం కాదు, డీజిల్ జనరేటర్. నీ పోటీ దాంతోనే తల్లీ.

లెక్క చూడు. గుంట నీళ్లలో గాలి కలిపే రెండు హెచ్‌పీ ఏరియేటర్ గంటకు సుమారు ఒకటిన్నర యూనిట్లు లాగుతుంది. 8 ఏరియేటర్లు తిరిగితే గంటకు 12 యూనిట్లు, రెండు గంటలు కరెంటు పోతే 24. దానికి జనరేటర్ దాదాపు 8 లీటర్ల డీజిల్ తాగుతుంది. నీ బ్యాటరీ ఖరీదును ఆ డీజిల్‌తో పోల్చి చెబితే ఏ రైతైనా కూర్చుని వింటాడు. ఆక్వాకు సబ్సిడీ కరెంటు వస్తున్న రైతుకు బిల్లు తగ్గిస్తానంటే పెద్దగా పట్టదు. నెలకు ఎన్ని గంటలు కరెంటు పోతుందో తెలియకుండా అసలు ఈ లెక్కే తేలదు. అందుకే జనరేటర్ వేసిన టైము, ఆపిన టైము గుంట దగ్గర నోటు పుస్తకంలో రాయిస్తున్నా. పక్క ఫీడర్ల (వేరే కరెంటు లైన్ల) మీద ఉన్న రైతులను కూడా రాయమన్నాను.

ఇంకో సంగతి నీ ఫైల్లో కనిపించలేదు. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ వాడేస్తుంది. తెల్లవారుజామున డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోతుంది, ముందు రోజు మబ్బు పట్టి ఉంటే మరీను. సరిగ్గా అప్పుడే కరెంటు పోతే కాపలా మనిషి నిద్రలోంచి లేచి జనరేటర్ వేయాలి. అన్ని ఏరియేటర్లకూ ఒక్కసారే స్విచ్ వేస్తే ట్రిప్ అవుతుంది, మోటారు మొదలయ్యేటప్పుడు మామూలుకంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది కదా. ఒకదాని తర్వాత ఒకటి వేయాలి. ఈ పని నీ పెట్టె తనంతట తాను చేస్తే రైతు డబ్బిచ్చేది దానికే. లోపల ఉన్నది సోడియమా, లిథియమా అని కూడా అడగడు.

అయితే లేనిది ఉందని మాత్రం చెప్పొద్దు. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను లాంటిది వస్తే రెండు గంటల బ్యాటరీ ఏ మూలకు? జనరేటర్ ఉండాల్సిందే, రోజువారీ కోతలకు మాత్రం దాన్ని ముట్టుకోనక్కర్లేదని చెప్పు. అది నిజం. మన తీరంలో అన్ని గుంటల మీదా ఆ పొగ, ఆ మోత తగ్గితే అదే చాలా పెద్ద పని. వాతావరణం మారితే తుపాన్లు, ఎండలు ముందుగా తగిలేది మనకే. అందుకే ఈ పని నువ్వు చేస్తానంటే నాకు సంతోషంగా ఉంది.

తొందరపెట్టే పెట్టుబడి మాత్రం ఇప్పుడే వద్దు. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ ల్యాబ్ పరిశోధన నుంచి 2001లో పుట్టిన ఏ123 అనే బ్యాటరీ కంపెనీ గురించి చదివాను. సైన్సు గట్టిదే, 2009లో షేర్లు కూడా అమ్మారు. ఫ్యాక్టరీలో ఒక వెల్డింగ్ మెషీన్ సెట్టింగ్ తప్పి, పాడైన సెల్స్ మార్చడానికి 5.5 కోట్ల డాలర్ల ఖర్చు నెత్తిన పడింది. అది 2012 మార్చిలో బయటపడింది, అక్టోబర్‌కల్లా దివాలా. అది ఒక్కటే కారణం కాకపోవచ్చు. కానీ ల్యాబ్‌లో నీ చేత్తో చేసిన పది సెల్స్ వేరు, మెషీన్ మీద వచ్చే పదివేలు వేరు. 2006 నుంచి 2011 దాకా అమెరికాలో క్లీన్ ఎనర్జీ కంపెనీల్లో పోసిన 2,500 కోట్ల డాలర్లలో సగానికి పైగా పోయిందని తర్వాత ఎంఐటీ వాళ్లే రాశారు. ఇలాంటి పని మూడేళ్లలో లాభం అడిగే డబ్బుతో సాగదు. మీ ఐఐటీ మద్రాస్‌లోనే పెరిగిన ఎలక్ట్రిక్ స్కూటర్ల కంపెనీ ఏథర్ 2013లో మొదలైతే స్కూటర్ అమ్మడానికి 2018 వచ్చింది. ముందు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నిధి ప్రయాస్ గ్రాంటుకు అప్లై చెయ్యి. నమూనా చేయడానికి 10 లక్షల దాకా ఇస్తారు, వాటా అడగరు.

పేపర్ పంపే ముందు పేటెంట్ వేశారా? ముందే అచ్చయితే కొత్తదనం పోయిందంటారు. శాస్త్రవేత్త జాన్ గుడ్‌ఇనఫ్ గారు 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో లిథియం బ్యాటరీకి దారి చూపిస్తే యూనివర్సిటీ పేటెంటు మీద ఆసక్తే చూపలేదని నువ్వే చెప్పావు. 1991లో దాన్ని మార్కెట్లోకి తెచ్చింది సోనీ.

మొదటి పెట్టెను మన గట్టు మీదే పెట్టుకో. ఉప్పు గాలికి టెర్మినల్స్ పచ్చగా చిలుం పట్టే చోటు ఇది, ఒక కల్చర్ (ఒక రొయ్యల పంట) పూర్తయ్యేదాకా ఇక్కడ నిలబడితే బయట అమ్మొచ్చు. ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీ వాళ్లను డీఓ రీడింగులు చూడమని అడుగుదాం. ఖర్చు మాదే, దానికి వాటా ఏమీ వద్దు.

పేటెంటు ఎవరి పేరున ఉంటుంది, కంపెనీ ఏటా ఎంత కట్టాలి అన్నది ఇన్‌స్టిట్యూట్ వాళ్లతో రాసుకునే అగ్రిమెంట్లోనే తేలిపోతుంది. సంతకం పెట్టేముందు ఆ కాపీ వాట్సాప్‌లో పంపు. నెల్లూరులో మన ఆడిటర్‌కు చూపించి ఫోన్ చేస్తా.

మీ అమ్మ