బానెట్ కింద ఉన్నది ఎవరి ఇంజిన్?

సంపాదకుని గారికి,

పోటీ కార్ల కంపెనీలు చేతులు కలిపాయన్న వార్తల్లో వాటాలు, పెట్టుబడుల లెక్కలే కనిపిస్తాయి. కారు కొన్నవారికి కావలసిన సంగతి వేరు.

సుజుకి, టొయోటా 2018లో ఒకరి కార్లు ఒకరికి సరఫరా చేసుకునే ఒప్పందానికి వచ్చాయి. 2019లో మారుతి సుజుకి బాలెనో టొయోటా గ్లాంజాగా వచ్చింది. దాంతో పెద్ద ఇబ్బంది లేదు, ఇంజిన్ సుజుకిదే. చిక్కంతా 2022లో వచ్చిన మారుతి గ్రాండ్ విటారా, టొయోటా హైరైడర్‌లతోనే. రెండిటి తయారీ కర్ణాటకలో బిడదిలోని టొయోటా ఫ్యాక్టరీలోనే మొదలైంది. ఏ పేరుతో కొన్నా, మైల్డ్ హైబ్రిడ్‌లో (కరెంటు మోటారు ఇంజిన్‌కు కాస్త సాయం మాత్రమే చేసేది) సుజుకి వారి 1,462 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిన్, స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో (కొంత దూరం మోటారు ఒక్కటే నడపగలిగేది) టొయోటా వారి 1,490 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్ ఉంటాయి. కాబట్టి తిరుపతిలో ఏ స్పేర్ల షాపుకెళ్లినా "గ్రాండ్ విటారాకు ప్లగ్గులివ్వండి" అంటే చాలదు. ఆర్‌సీలో సీసీ ఎంతుందో చూపించండి. ఒకదానికి నాలుగు, ఇంకోదానికి మూడు కావాలి. ముందు బంపర్, గ్రిల్, లైట్లు మాత్రం బ్యాడ్జిని, అంటే బండి మీదున్న కంపెనీ పేరును బట్టే మారతాయి.

కొండ దిగేటప్పుడూ తేడా ఉంది. మైల్డ్ హైబ్రిడ్ మాన్యువల్‌ను రెండో గేరులో దించవచ్చు. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో అలా వేసుకునే గేర్లు లేవు. పైగా దిగుతూ ఉంటే బ్యాటరీ నిండిపోయి, మోటారు బండిని ఆపే పట్టు తగ్గుతుంది. అందుకే లివర్‌ను, ఇంజిన్ పట్టుతో బండి నెమ్మదించే 'బి'లో పెట్టాలి. ఊరికే బ్రేకు తొక్కుతూ వస్తే ప్యాడ్లు కాలతాయి.

వారంటీ మాత్రం బ్యాడ్జి వేసిన కంపెనీదే. గ్లాంజాను మారుతి వర్క్‌షాపుకు తీసుకెళ్లి క్లెయిమ్ అడిగితే లాభం లేదు. రీకాల్ కూడా అంతే. ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్‌లో లోపం ఉండొచ్చన్న అనుమానంతో 2023 జనవరిలో మారుతి 17,362 బండ్లను, టొయోటా 1,390 బండ్లను వెనక్కి పిలిచాయి. మారుతి ప్రకటన చదివిన గ్లాంజా యజమాని అది తనకు కాదనుకుంటే ప్రమాదమే. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవారు 17 అంకెలు, అక్షరాల ఛాసిస్ నంబరును బ్యాడ్జి ఉన్న కంపెనీ వెబ్‌సైట్లో కొట్టి చూడాలి.

పొత్తు చెడితే ఏమిటన్న భయం సహజం. 2007లో మహీంద్రా, రెనో కలిసి తెచ్చిన లోగాన్‌ను, 2010లో రెనో వాటా వదులుకున్నాక మహీంద్రా వెరిటోగా కొనసాగించింది. అన్ని పొత్తులూ అంత మర్యాదగా విడిపోతాయని చెప్పలేం.

షోరూములు కొటేషన్ మీద ఇంజిన్ ఎవరిదో, సీసీ ఎంతో రాసివ్వాలి. మీ పత్రిక కూడా కొత్త కార్ల ధరలు వేసేటప్పుడు ఆ రెండూ ఒక వరుసలో చేర్చాలని మనవి.

- ఆటోమొబైల్ స్పేర్ల వ్యాపారులు, తిరుపతి